కవాయి చివరి రాజు కౌమువాలి, ఆయన ఇల్లు, ఆయన పిల్లలు

శారద_ఒవాహు | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను హొనొలులులో ఉండబట్టి పదకొండేళ్ళయింది. మన వేదికలో హవాయి మాటెత్తితే బీచ్‌లు, హోటళ్ళు, విమానం టికెట్ల దగ్గరే ఆగిపోతున్నాం. ఒక మనిషి గురించి మీ అందరికీ చెప్పాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది.

పోయిన నెల మేం కవాయి ద్వీపంలో వైమెయ అనే ఊరికి వెళ్ళాం. 'వై' అంటే నీళ్ళు, 'మెయ' అంటే ఎరుపు. పేరుకు తగ్గట్టే నది ఎర్రటి మట్టిని మోసుకొచ్చి సముద్రంలో కలుపుతుంది. ఆ కలిసేచోట గట్టు మీద పాత రాతికోట, దాని ముందు ఒక రాజు కంచు విగ్రహం. మా అబ్బాయి చూసి "అమ్మా, కమేహమేహనా?" అన్నాడు. కాదు. కమేహమేహ అంటే హవాయి దీవులన్నిటినీ ఏకం చేసిన రాజు. ఆయనకి యుద్ధంలో చిక్కకుండా మిగిలిన ఒకే ఒక్క రాజు, కౌమువాలి. (చివర గొంతు ఒక్క క్షణం ఆపి మళ్ళీ 'ఇ' అనాలి. చదవడానికి తేలిగ్గా ఉంటుందని కౌమువాలి అనే రాస్తున్నా.)

ఆయన పుట్టింది సుమారు 1778లో. అదే ఏడాది జనవరిలో కెప్టెన్ కుక్ ఓడలు మొదటిసారి హవాయి దీవుల్లో ఆగాయి, అదీ ఈ వైమెయ దగ్గరే. తల్లి కమకహెలెయ్ కవాయికి రాణి. ఎవరి భార్యగానో రాణి అయిన మనిషి కాదు, సొంత హక్కుతో ఏలింది. తండ్రి కాయెవొకులని మావి ద్వీపపు రాజకుటుంబం వాడు. హవాయి దొరల ఇళ్ళలో తల్లి ఎంత గొప్ప వంశమైతే బిడ్డ అంత గొప్పవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే తిరుగుతుంది.

తండ్రి 1794లో ఒవాహు ద్వీపంలో యుద్ధంలో చనిపోయాడు. పిల్లవాడికి అప్పటికి పదహారేళ్ళు ఉంటాయేమో. మరుసటి ఏడాదే కమేహమేహ ఒవాహును గెలిచాడు. ఇక మిగిలింది కవాయి, దాని పక్కనున్న చిన్న నిఇహౌ. 1796లో కమేహమేహ పడవలు కట్టుకుని బయల్దేరితే నడిసంద్రంలో గాలివాన వచ్చి వెనక్కి తిరగాల్సొచ్చింది. ఒవాహుకీ కవాయికీ మధ్య వంద కిలోమీటర్లకు పైగా సముద్రం, అదీ మహా కోపిష్టి సముద్రం. 1804లో మళ్ళీ వందల కొద్దీ పడవలతో సిద్ధమయ్యాడు. ఈసారి 'ఓకుఉ' అనే రోగం సైన్యంలో పడింది. దొరలు దొరలే రాలిపోయారు. కమేహమేహ కూడా మంచం పట్టి లేచాడు.

చివరికి 1810లో మాటలతో తేలింది. విన్‌షిప్ అనే అమెరికన్ కెప్టెన్ మధ్యవర్తి. కౌమువాలి ఒవాహులోని హొనొలులు రేవుకు వచ్చి కమేహమేహని పై రాజుగా ఒప్పుకున్నాడు. కవాయి మాత్రం ఆయన చేతిలోనే ఉంటుంది, కప్పం కడతాడు. కత్తి దూయకుండా దీవులన్నీ ఒక్కటయ్యాయి.

హవాయి చరిత్ర అంటే చాలామంది ఈ మాట దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఇక్కడినుంచే మొదలవుతుంది. యుద్ధం తప్పింది గానీ దాని ఖరీదు ఆయన ఇంటివాళ్ళు చెల్లించారు. భార్యలు, కొడుకులు, ఒక మనవరాలు. ఆ సంగతులు ఒక్కొక్కటే రాస్తాను.

కిరణ్_నెల్లూరు | సోమవారం, రాత్రి 10:05

అక్కా, చాలా బాగా రాశారు. నాకో సందేహం. రెండుసార్లు ప్రకృతే ఈయన పక్షాన నిలబడింది. అంత సముద్రం కోటలా కాపు కాసింది. అలాంటప్పుడు తనంతట తానే వెళ్ళి లొంగిపోవడం ఏంటి? ఇంకో పదేళ్ళు ఆగితే కమేహమేహ ముసలివాడైపోయేవాడు కదా. నాకైతే మనసు ఒప్పుకోవట్లేదు.

రామారావు_మేష్టారు | మంగళవారం, ఉదయం 6:40

కిరణ్, తొందరపడకు నాయనా. కమేహమేహ చేతిలో అప్పటికి పెద్ద దీవులన్నీ ఉన్నాయి. ఫిరంగులున్నాయి, తెల్లవాళ్ళ దగ్గర కొన్న ఓడలున్నాయి, వాటిని నడిపే తెల్ల నావికులున్నారు. కౌమువాలి దగ్గర ఒక దీవి, ఇంకో చిన్న దీవి. గాలివాన ప్రతిసారీ రాదు. గెలిచినవాడు ఓడిన దీవిలో ఏం చేస్తాడో ఒవాహులో కళ్ళారా చూశారు. నువవాను లోయలో తరుముకుంటూ వెళ్ళి కొండ అంచు మీదనుంచి తోసేశారు.

ఆ 1810 ప్రయాణం ఎంత ప్రమాదమో చూడు. శత్రువు రేవులోకి తానే వెళ్ళాడు. కమేహమేహ దొరల్లో కొందరు ఈయనకు విషం పెట్టాలని చూశారు. ఐజాక్ డేవిస్ అని ఒక వెల్ష్ నావికుడు ఉండేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఓడ పట్టుబడినప్పుడు బతికి బయటపడి, కమేహమేహ కొలువులో పెద్ద సలహాదారు అయ్యాడు. ఆయన ఈ కుట్ర పసిగట్టి కౌమువాలిని హెచ్చరించాడు. కౌమువాలి క్షేమంగా ఇల్లు చేరాడు. డేవిస్ మాత్రం ఆ ఏప్రిల్‌లోనే విషానికి బలైపోయాడు.

అది లొంగిపోవడం అని నేను అనను. తన జనం ప్రాణాల కోసం తన ప్రాణం పణంగా పెట్టి వెళ్ళిన ప్రయాణం అది.

లత_ఫ్రీమాంట్ | మంగళవారం, ఉదయం 8:15

మేష్టారూ, డేవిస్ సంగతి చదివి ఒళ్ళు జలదరించింది. శారద గారూ, కొడుకులు అన్నారు కదా, వాళ్ళ గురించి చెప్పండి. ఒక కొడుకుని చిన్నప్పుడే అమెరికా పంపేశారని ఎక్కడో విన్నాను. నిజమేనా?

శారద_ఒవాహు | మంగళవారం, రాత్రి 9:45

నిజమే లతా. ఈ కుటుంబంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది ఆ పిల్లవాడే. పేరు హుమెహుమె. తెల్లవాళ్ళు జార్జ్ అని పిలిచారు.

తల్లి మామూలు ఇంటి మనిషి. అంటే రాజు పెద్దకొడుకైనా వంశం లెక్కలో వెనకబడిపోయాడు. 1804 ప్రాంతంలో, ఆరేడేళ్ళ వయసులో, ఒక అమెరికన్ ఓడ ఎక్కించేశారు. చదువుకుని రావాలని కెప్టెన్ చేతికి వేల డాలర్ల విలువైన సొమ్ము ఇచ్చాడు తండ్రి. పై వంశపు రాణికి ఈ పిల్లవాడు ఎదురుగా తిరగడం ఇష్టం లేకపోయిందని కొందరంటారు. ఆ రోజుల్లోనే కమేహమేహ దండెత్తబోతున్నాడు, ఒక్క బిడ్డయినా దూరంగా బతికుంటాడని పంపాడేమో అని నాకనిపిస్తుంది.

ఓడ 1805లో రోడ్ ఐలండ్ చేరింది. సొమ్ము కరిగిపోయింది. కెప్టెన్ పిల్లవాణ్ణి ఒక బడిపంతులు దగ్గర వదిలేశాడు. చదువు అంతంతమాత్రం. వడ్రంగి పని, పొలం పని చేసుకుంటూ మసాచుసెట్స్ పల్లెల్లో పెరిగాడు. రాజకుమారుడన్న సంగతి తను చెప్పినా నమ్మేదెవరు? సొంత భాష మర్చిపోయాడు. 1812లో బ్రిటన్‌తో యుద్ధం వస్తే అమెరికా నౌకాదళంలో చేరాడు, గాయపడ్డాడు. ఆ తర్వాత మధ్యధరా సముద్రానికీ వెళ్ళొచ్చాడు. చివరికి బోస్టన్ దగ్గర నౌకాదళం రేవులో కొందరు క్రైస్తవ పెద్దల కంటపడ్డాడు. వాళ్ళు తీసుకెళ్ళి కనెటికట్‌లో కార్న్‌వాల్ అనే ఊళ్ళోని మిషన్ బడిలో వేశారు. అక్కడ ఇంకొందరు హవాయి కుర్రాళ్ళు ఉన్నారు. ఎన్నేళ్ళకో తన ఊరి మాట చెవిన పడింది.

1819 అక్టోబరులో థాడియస్ అనే ఓడ బోస్టన్ నుంచి హవాయికి మొదటి మిషనరీలను తీసుకుని బయల్దేరింది. హుమెహుమె కూడా అందులోనే ఉన్నాడు. ఐదు నెలల ప్రయాణం. 1820 మే 3న వైమెయలో తండ్రి ముందు నిలబడ్డాడు.

దగ్గర దగ్గర పదహారేళ్ళు. పంపినప్పుడు ఒళ్ళో కూర్చునే పిల్లవాడు, ఇప్పుడు పరాయి భాష మాట్లాడే యువకుడు. కోట మీదనుంచి ఇరవై ఒక్క ఫిరంగులు పేల్చారు. తండ్రీకొడుకులు అక్కడి ఆచారం ప్రకారం ముక్కుకు ముక్కు ఆనించుకున్నారు. గుండె నిండిపోయి తనకు మాట రావడం లేదని కౌమువాలి చెప్పుకున్నాడని వెంట ఉన్న మిషనరీలు రాసిపెట్టారు. కొడుక్కి వహియావ అనే లోయ భూములు రాసిచ్చాడు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. థాడియస్ దిగిన కొన్నాళ్ళకే హుమెహుమె పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయి పేరు బెట్టీ. మేష్టారు చెప్పిన ఐజాక్ డేవిస్ కూతురు. మామగారి ప్రాణం కాపాడబోయిన తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, ఆ ఇంటికే కోడలిగా వచ్చింది.

లత_ఫ్రీమాంట్ | మంగళవారం, రాత్రి 10:30

ఇది చదివి ఇంతసేపూ ఏమీ రాయలేకపోయాను. మా వాడికి ఏడేళ్ళు. స్కూలు బస్సు పావుగంట ఆలస్యమైతే ప్రాణం కొట్టుకుంటుంది. ఆ తండ్రి పదహారేళ్ళు సముద్రం వైపు చూస్తూ ఎలా ఉన్నాడో.

కిరణ్_నెల్లూరు | బుధవారం, ఉదయం 7:50

అక్కా, కొడుకు కథ చదివాక నా మాట కొంచెం మెత్తబడింది. కానీ ఇంకోటి అడగాలి. వైమెయ కోటని రష్యన్ కోట అంటారని చూశాను. హవాయి రాజు దగ్గర రష్యావాళ్ళకేం పని? అమెరికావాళ్ళు, తర్వాత కమేహమేహ, తర్వాత రష్యా జార్... అందరికీ తల వంచుకుంటూ పోయాడా ఈయన?

రామారావు_మేష్టారు | బుధవారం, ఉదయం 9:10

అది తల వంచడం కాదు కిరణ్, వంచిన తల ఎత్తడానికి చేసిన ప్రయత్నం.

1815 జనవరిలో రష్యన్-అమెరికన్ కంపెనీ ఓడ ఒకటి వైమెయ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలింది. అందులోని సరుకు కౌమువాలి వశమైంది. అది తిరిగి రాబట్టుకోవడానికి అలాస్కా నుంచి షెఫర్ అనే జర్మన్ డాక్టర్ని పంపారు. పంపింది సరుకు కోసం, ఆయన ఆశలు మాత్రం ఆకాశంలో ఉన్నాయి. కౌమువాలి అది కనిపెట్టాడు. 1816లో జార్ అలెగ్జాండర్ రక్షణలోకి వస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాడు. ప్రతిఫలంగా షెఫర్ ఓడలిస్తాడు, ఆయుధాలిస్తాడు, కమేహమేహ గెలుచుకున్న దీవులు కూడా ఇప్పిస్తాడు! అదీ ఒప్పందం. అంటే 1810లో ఒప్పుకున్నది మనసారా ఒప్పుకున్నది కాదన్నమాట. ఆరేళ్ళు లోపల రగులుతూనే ఉన్నాడు.

వైమెయలో కోట, హనలెయ్ వైపు ఇంకో రెండు కోటలు లేచాయి. రాళ్ళు మోసింది, గోడలు కట్టింది కవాయి జనమే. కానీ షెఫర్ మాటకు వెనక జార్ లేడు. అంత దూరాన కొత్త తగవు ఆయనకు అక్కర్లేదు. అమెరికన్ వర్తకులు ఎదురుతిరిగారు, కమేహమేహ నుంచి ఒత్తిడి వచ్చింది. 1817లో కౌమువాలి షెఫర్ని దీవి నుంచి తరిమేశాడు.

ఇన్నేళ్ళూ ఆ చోటు పరాయి రాణి పేరుతో ఎలిజబెత్ కోటగా ఉండిపోయింది. శారదమ్మా, ఇప్పుడు పేరు మార్చారనుకుంటా?

శారద_ఒవాహు | బుధవారం, ఉదయం 11:00

మార్చారు మేష్టారూ. ఆ చోటుకు పాత హవాయి పేరు పాఉలఉల. 2022లో ప్రభుత్వం అదే పేరు తిరిగి పెట్టింది. విగ్రహం అంతకుముందు ఏడాది నిలబెట్టారు. కవాయివాళ్ళు దానికోసం చాలా ఏళ్ళు పాటుపడ్డారు.

గంధపుచెక్క | బుధవారం, మధ్యాహ్నం 2:25

నేను కలప వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాను, అందుకే ఒక మాట కలుపుతున్నా. వీళ్ళు ఈ ఓడలూ ఫిరంగులూ దేంతో కొన్నారు? చందనంతో. మన మైసూరు శ్రీగంధం, హవాయివాళ్ళ 'ఇలిఅహి' దగ్గరి చుట్టాలైన చెట్లు. శేషాచలం ఎర్రచందనం వేరే కుటుంబం, దాన్ని దీనితో కలపకండి. హవాయి చందనం చైనాలో కాంటన్ రేవుకు పోయేది. దొరలు జనాన్ని కొండల మీదికి తోలి చెట్లు కొట్టించారు. పొలాలు బీడుపడ్డాయి, జనం తిండికి మాడారు. దొరలు మాత్రం అప్పు మీద అప్పు చేసి ఓడలు కొన్నారు.

ఒక్క ఓడ చెబుతాను. కమేహమేహ 1819లో పోయాక కొడుకు లిహోలిహో రాజయ్యాడు. ఆయన అమెరికాలో ఒక ధనవంతుడు విలాసానికి కట్టించుకున్న 'క్లియోపాత్రాస్ బార్జ్' అనే ఓడను కొన్నాడు. ధర సుమారు 80,000 డాలర్లు. డబ్బు రూపంలో కాదు, చందనం రూపంలో. ఆ ఓడ ఈ కథలోకి వస్తుందని నాకు తెలుసు. మిగతాది శారద గారు చెబితేనే బావుంటుంది.

శారద_ఒవాహు | బుధవారం, రాత్రి 9:30

వస్తుంది. ఆ ఓడ తలుచుకుంటేనే నాకు కోపం వస్తుంది.

1821 జులైలో లిహోలిహో హొనొలులు నుంచి చిన్న పడవలో ముప్ఫై మందితో బయల్దేరాడు. పక్క ఊరికే అనుకున్నారు అందరూ. దారిలో పడవ కవాయికి తిప్పమన్నాడు. దిక్సూచి లేదు, తాగడానికి నీళ్ళు సరిగ్గా లేవు, మహా కోపిష్టి అన్నానే, ఆ సముద్రమే ముందుంది. వెంట ఉన్నవాళ్ళు వద్దన్నా వినలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కవాయి చేరారు.

ఒక్కసారి ఆలోచించండి. శత్రువు కొడుకు, ఆయుధం లేకుండా, అలిసిపోయి, తన ఒడ్డున దిగాడు. కౌమువాలి తలుచుకుంటే ఆ రోజే అంతా తిరగబడేది. ఆయన ఎదురెళ్ళి మర్యాద చేశాడు. నా దీవి, నా కోటలు, నా ఫిరంగులు అన్నీ మీవే అన్నాడు. నీ దీవి తీసుకోవడానికి రాలేదు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడు లిహోలిహో. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నెలకు పైగా దీవి అంతా తిరిగారు. విందులు, ఆటలు.

సెప్టెంబరు 16 సాయంత్రం లిహోలిహో ఆయన్ని ఆ అందమైన ఓడ మీదికి పిలిచాడు. అతిథి పిలిచాడు, ఇంటాయన వెళ్ళాడు. చీకటి పడ్డాక తెరచాపలు ఎత్తారు. కౌమువాలిని అలాగే ఒవాహుకు తీసుకుపోయారు. ఒడ్డున ఉన్న భార్య కపూలెకి గానీ, కొడుకు హుమెహుమెకి గానీ ఒక మాట లేదు.

అక్టోబరు 9న కాహుమాను ఆయన్ని పెళ్ళి చేసుకుంది. కమేహమేహ ముద్దుల భార్య, ఆయన పోయాక రాజ్యాన్ని తన చేతుల మీదుగా నడిపిన మనిషి. పెళ్ళి అన్నారు గానీ అది బంగారు సంకెళ్ళు. 1822లో ఒకసారి ఆమెతో కలిసి కవాయికి వచ్చి చూసి వెళ్ళాడు. తన దీవికి తాను అతిథిగా.

మేష్టారూ, ఆయన 1810లో చేసినది తెలివైన పనే, ఒప్పుకుంటాను. 1821లో మాత్రం ఆయన మంచితనమే ఆయన్ని పట్టిచ్చింది.

లత_ఫ్రీమాంట్ | బుధవారం, రాత్రి 10:10

కాహుమాను ఈయన్నే కాదు, ఈయన కొడుకుని కూడా పెళ్ళి చేసుకుందని చదివాను. ఎక్కడో పొరపాటు పడ్డారనుకున్నా. తండ్రినీ కొడుకునీ ఒకే మనిషా?

శారద_ఒవాహు | బుధవారం, రాత్రి 10:40

పొరపాటు కాదు లతా. ఆ కొడుకు హుమెహుమె కాదు, గొప్ప వంశపు తల్లికి పుట్టిన కెయలియాహోనుయి. ఆరున్నర అడుగుల ఆజానుబాహుడు. కవాయి వారసత్వం న్యాయంగా వెళ్ళాల్సింది అతనికి. తండ్రిని ఒక్కణ్ణే కట్టేస్తే వారసుడు బయట మిగిలిపోతాడు, అందుకే ఇద్దర్నీ తన ఇంట్లో కట్టేసుకుంది. మన కళ్ళతో చూస్తే వింతగా ఉంటుంది. అక్కడి దొరల ఇళ్ళలో పెళ్ళి అంటే రక్తాన్నీ భూమినీ ఒకచోటికి చేర్చే పని. అన్నాచెల్లెళ్ళకు పెళ్ళి చేస్తే పుట్టే బిడ్డ అందరికన్నా పవిత్రమని నమ్మిన సమాజం అది. కాహుమాను క్రైస్తవం పుచ్చుకున్నాక ఆ కుర్రవాణ్ణి వదిలేసింది. అతను తర్వాత వేరే పెళ్ళి చేసుకుని 1849 దాకా బతికాడు.

రామారావు_మేష్టారు | గురువారం, ఉదయం 6:30

శారదమ్మా, కాహుమానుని నువ్వు మరీ కఠినంగా చూస్తున్నావనిపిస్తోంది. ఆమె కళ్ళతో కూడా ఒకసారి చూడు. రాజు కుర్రవాడు, తాగుబోతు. చుట్టూ విదేశీ ఓడలు. ఐదేళ్ళ కిందటే కవాయిలో రష్యా జెండా ఎగిరింది. ఒక్క దీవి విడిపోతే మొత్తం రాజ్యమే పరాయివాడి పాలవుతుందని భయపడి ఉండదా? యుద్ధం చేసి వేలమందిని చంపడానికి బదులు ఒక ఇంటిని కట్టేసింది.

శారద_ఒవాహు | గురువారం, మధ్యాహ్నం 1:15

మేష్టారూ, ఆమె తెలివిని నేను కాదనను. కానీ యుద్ధం తప్పలేదు కదా! మూడేళ్ళు వాయిదా పడింది, అంతే. అప్పుడు చచ్చింది కవాయి జనమే.

కౌమువాలి 1824 మే 26న హొనొలులులో చనిపోయాడు. దీవిని తన పిల్లలకు కాకుండా పై రాజుకే దక్కేలా చెప్పి పోయాడు. ఆయన్ని ఎత్తుకుపోయిన ఆ ఓడ అంతకు ఏడు వారాల ముందే, ఏప్రిల్‌లో, కవాయిలోనే హనలెయ్ దగ్గర రాళ్ళకు కొట్టుకుని పగిలిపోయింది. నేనేమీ మహిమలు నమ్మే మనిషిని కాను, అయినా ఆ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడల్లా గుండె ఆగినట్టవుతుంది.

రాజు పోతే భూములు మళ్ళీ పంచడం అక్కడి ఆచారం. కవాయి దొరలు దానికోసం ఎదురుచూశారు. కాహుమాను వైపు ముఖ్యమంత్రి లాంటి కలనిమోకు వచ్చి, పంపకం లేదు, అంతా ఉన్నట్టే ఉంటుందన్నాడు. తన మేనల్లుణ్ణి గవర్నరుగా పెట్టాడు. దొరల కడుపు మండింది. వాళ్ళకు నాయకుడిగా నిలబడింది హుమెహుమె. అమెరికా నౌకాదళంలో పోరాడినవాడు, తండ్రి ఆస్తిలో చోటు లేనివాడు.

ఆగస్టు 8 తెల్లవారకముందే వైమెయ కోట మీద పడ్డారు. కోట చిక్కలేదు. కలనిమోకు ఒవాహు నుంచి సైన్యం తెప్పించాడు. పది రోజుల తర్వాత హనాపేపె దగ్గర పోరు. కవాయివాళ్ళ దగ్గర ఈటెలు ఎక్కువ, తుపాకులు తక్కువ. పోరు అయిపోయాక కూడా నరుకుడు ఆగలేదు. శవాలు పూడ్చేవాళ్ళు లేక అడవి పందులు తిన్నాయి. ఆ యుద్ధానికి మిగిలిన పేరే 'ఐపువఅ', పందులు తిన్న యుద్ధం. హవాయి దీవుల్లో ఏ పుస్తకం చూసినా కమేహమేహ ఏకం చేశాడని రెండు వాక్యాలు ఉంటాయి. ఈ పేరు ఎవరూ చెప్పరు.

హుమెహుమె కొండల్లో వారాలపాటు దాక్కున్నాడు. భార్య బెట్టీ, చంటిపిల్ల ముందే పట్టుబడ్డారు. ఆ పసిబిడ్డకు కలనిమోకు 'వహినెకిపి' అని పేరు పెట్టాడు. అంటే తిరుగుబాటు పిల్ల. తండ్రి చేసినదాన్ని బిడ్డ జన్మంతా పేరుగా మోయాలి. చివరికి హుమెహుమె ఆకలితో చిక్కి దొరికాడు. చంపలేదు. హొనొలులులో కాపలా మధ్య ఉంచారు. 1826 మే 3న ఫ్లూ జ్వరంతో పోయాడు. ఆరేళ్ళ కిందట అదే మే 3న తండ్రి కౌగిట్లో చేరాడు.

ఓడిన దొరలందర్నీ భార్యాబిడ్డలతో సహా వేరే దీవులకు పంపేశారు. వాళ్ళ భూములు గెలిచినవాళ్ళు పంచుకున్నారు.

కిరణ్_నెల్లూరు | గురువారం, రాత్రి 8:00

ఇందాకటి నుంచి రాయాలని కూర్చుంటున్నా, రాయలేకపోతున్నా. లొంగిపోయాడు అని నేను తేలిగ్గా అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా మేష్టారూ. ఆయన భార్య కపూలె ఏమైంది? ఆవిడ సవతి కొడుకు పక్షాన నిలబడిందా?

రామారావు_మేష్టారు | శుక్రవారం, ఉదయం 6:55

లేదు నాయనా. ఎదుటి పక్షాన నిలబడింది. 1824లో కపూలె కలనిమోకు వైపే ఉంది, తన మనుషుల్ని అటే నిలబెట్టింది. దానికి ఆమెను తప్పుపట్టేవాళ్ళున్నారు. నేను పట్టను. భర్త పోయాడు, హుమెహుమె తన కడుపున పుట్టినవాడు కాదు. తిరుగుబాటు గెలవదని ఆమెకు తెలుసు. తనను నమ్ముకున్న జనాన్ని కాపాడుకుంది. ఆమె పక్షాన ఉండబట్టే ఆమెవాళ్ళకు దీవి వదిలే గతి పట్టలేదు.

ఆమె అసలు పేరు కెకైహాకులొవు. బాప్టిజంలో డెబోరా అయింది. తర్వాత వైలువ నది ఒడ్డున స్థిరపడి, చేపల చెరువులు, కొబ్బరితోట చూసుకుంటూ, దారిన పోయేవాళ్ళకు అన్నం పెడుతూ 1853 దాకా బతికింది. కవాయి మీదుగా వెళ్ళిన విదేశీ యాత్రికులు కొందరు ఆమె ఆతిథ్యం గురించి రాశారు. ఒకప్పటి రాణి, రాజ్యం లేకపోయినా ఇంటికొచ్చినవాణ్ణి ఆకలితో పంపలేదు.

లత_ఫ్రీమాంట్ | శుక్రవారం, ఉదయం 9:20

మరి వంశం అక్కడితో ఆగిపోయిందా?

శారద_ఒవాహు | శుక్రవారం, రాత్రి 9:05

ఆగలేదు! నాకిష్టమైన భాగం ఇదే.

కౌమువాలికి కెయలియాహోనుయితో పాటు అదే తల్లికి పుట్టిన కూతురు ఒకామె ఉంది, కినొయికి కెకౌలికె. కొడుకుల గోలలో ఈమెను చరిత్ర పట్టించుకోలేదు. ఈమెకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దామె కపియొలని. కలాకౌవ రాజు భార్యగా హవాయికి రాణి అయింది! (కలాకౌవ 1881లో ప్రపంచయాత్రలో మన దేశానికీ వచ్చాడు, కలకత్తా, బొంబాయి చూశాడు.) కాన్పుల్లో తల్లీబిడ్డలు చచ్చిపోతుంటే చూడలేక 1890లో కపియొలని పెట్టిన కాన్పుల ఆసుపత్రే ఈరోజు హొనొలులులో కపియొలని ఆసుపత్రి. మా అబ్బాయి అక్కడే పుట్టాడు. ఆ గోడ మీద రాణి బొమ్మ చూసినప్పుడు ఆమె కవాయి రాజు మనవరాలని నాకు తెలియదు.

కపియొలని చెల్లెలి కొడుకు కూహియో. 1871లో కవాయిలోనే, కోలోవా దగ్గర పుట్టాడు. రాణీగారే పెంచుకుంది. హవాయిలో దీన్ని 'హానయ్' అంటారు. మన దత్తత లాంటిదే గానీ కన్నవాళ్ళతో తెగిపోయే బంధం కాదు. 1893లో అమెరికన్ వ్యాపారులు రాజ్యాన్ని కూలదోశారు. 1895లో రాణి లిలిఉఒకలానిని తిరిగి నిలబెట్టాలని తిరుగుబాటు జరిగితే కూహియో అందులో చేరాడు, ఏడాది జైల్లో ఉన్నాడు. హుమెహుమె ఆయనకు తాత వరస.

జైలు నుంచి వచ్చాక వేరే దారి పట్టాడు. 1903 నుంచి 1922లో చనిపోయేదాకా అమెరికా కాంగ్రెస్‌లో హవాయి ప్రతినిధి. ఓటు వేసే హక్కు లేని ప్రతినిధి, మాట్లాడే హక్కు మాత్రమే ఉంది. ఆ మాటతోనే 1921లో హవాయి ఆదివాసుల ఇళ్ళస్థలాల చట్టం సాధించాడు. సుమారు 2,00,000 ఎకరాలు హవాయి రక్తం ఉన్నవాళ్ళ కోసం పక్కన పెట్టారు. మంచి భూములు చెరకు తోటలవాళ్ళు వదల్లేదు, దక్కినవి చాలామటుకు రాళ్ళనేలలు. ఇప్పటికీ వేలమంది ఆ జాబితాలో ఎదురుచూస్తూనే చనిపోతున్నారు. నా పక్కింటి పెద్దావిడ పేరు ఇరవై ఏళ్ళకు పైగా ఆ జాబితాలో ఉంది. అయినా ఆవిడ ఇంట్లో కూహియో పటానికి రోజూ పూలదండ ఉంటుంది.

భూమి పంచకుండా పోయిందని ఒక కొడుకు కత్తి పట్టిన ఇల్లు అది. మునిమనవడు ఆ భూమి కోసమే చట్టం తెచ్చాడు.

గంధపుచెక్క | శుక్రవారం, రాత్రి 10:00

శారద గారూ, కౌమువాలిని ఎక్కడ పూడ్చారు? కవాయికి తెచ్చారా?

శారద_ఒవాహు | శనివారం, ఉదయం 8:30

తేలేదు. మావి ద్వీపంలో లహైన ఊళ్ళో, లిహోలిహో తల్లి కెయోపువోలని పక్కన. ఆమె 1823లో పోయింది, బాప్టిజం పుచ్చుకున్న మొదటి గొప్ప వంశపు స్త్రీ. చివరి రోజుల్లో ఆయనకూ కొత్త మతం దగ్గరైంది, ఆమె పక్కన పడుకోవాలని తానే కోరాడు. ఆ కోరిక నాకు మొదట అర్థమయ్యేది కాదు. తన దీవి కాకుండా శత్రువు ఇంటి మనిషి పక్కనా? తర్వాత అనిపించింది, అంతమందిలో ఆయనతో రాజకీయం లేకుండా మాట్లాడిన స్నేహితురాలు ఆమె ఒక్కతేనేమో.

ఆ సమాధులున్నది వైఓలా చర్చి ఆవరణలో. 2023 ఆగస్టు 8న లహైన తగలబడినప్పుడు ఆ చర్చి కూడా కాలిపోయింది. ఆ రోజు టీవీలో మంటలు చూస్తూ మేమంతా ముందు బతికున్నవాళ్ళ కోసమే ఏడ్చాం. సమాధుల సంగతి చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

కిరణ్_నెల్లూరు | శనివారం, ఉదయం 11:45

అక్కా, డిసెంబరులో మా బావగారింటికి లాస్ ఏంజెలెస్ వస్తున్నా. కవాయికి మూడు రోజులు కుదురుతుంది. బీచ్ ఒక్కటే అనుకున్నా మొదట. కోట, కూహియో పుట్టినచోటు రెండూ ఒకరోజులో చూడొచ్చా?

శారద_ఒవాహు | శనివారం, మధ్యాహ్నం 12:10

హాయిగా చూడొచ్చు తమ్ముడూ. ముందు పొయిపు వైపు వెళ్ళు, సముద్రం ఎదురుగా కూహియో పార్కు ఉంది, రాతి అరుగులూ చిన్న చెరువూ కనిపిస్తాయి. అక్కడినుంచి పడమరగా పోతే దారిలో హనాపేపె వస్తుంది. ఆ ఊళ్ళో కాసేపు ఆగు. తర్వాత వైమెయ నది వంతెన దాటకముందే ఎడమవైపు కోట. మధ్యాహ్నం ఎండ మండిపోతుంది, నీళ్ళు తీసుకెళ్ళు. విగ్రహం దగ్గర పూలదండలు వేసి ఉంటాయి, నువ్వూ ఒకటి తీసుకెళ్తే నా తరఫున కూడా వెయ్యి.